కంట్రోల్ ముక్క

నాంపల్లి స్టేషన్‌కు ఎదురుగా ఉన్న సందులో, రెండో అంతస్తు మీద మా ల్యాబ్ ఉండేది. పొద్దున పది దాటాక కిటికీలోంచి ఎండ వాలి, బల్ల మీది నీళ్ళ తొట్టెలో పడేది. అవి గోరువెచ్చని నీళ్ళు. మైనంలో బిగించిన మాంసపు ముక్కను మిషన్ మీద వెంట్రుకలో ఇరవయ్యో వంతు మందాన కోసి, ఆ పొరను కుంచెతో ఎత్తి ఆ నీళ్ళ మీద వదిలేదాన్ని. అది పాల మీది మీగడలా కదిలి, ముడతలు విప్పుకుని, కాసేపు ఊరికే తేలేది. స్టేషన్‌లోకి రైలు వస్తే నీళ్ళు సన్నగా వణికేవి. ఆ కాసేపూ నన్నెవరైనా పలకరిస్తే నాకు ఒళ్ళు మండేది.

నా పేరు జయమణి. రోజూ సికింద్రాబాద్ నుంచి బస్సులో వచ్చేదాన్ని. తెల్లకోటు, మెడలో చిన్న సిలువ చూసి వచ్చిన ప్రతివాళ్ళూ నన్ను సిస్టర్ అనేవాళ్ళు. నేను నర్సును కాను. ఏనాడూ ఒక రోగి చెయ్యి పట్టుకుని నాడి చూసిన పాపాన పోలేదు. నాకు మనుషులు అంగుళం ముక్కలుగానే తెలుసు. రోజంతా మైనం కరిగించే మందు వాసన పీల్చడం వల్లనో, నా బుద్ధే అంతో, నాకు పగలు కూడా సగం నిద్రలాగే గడిచేది.

మేం చేసే పని చెప్తాను. ఒంట్లో చాలా కణాల గోడల మీద కొన్ని ప్రోటీన్లు కాలింగ్ బెల్లుల్లా ఉంటాయి. బయటి నుంచి ఏదో వచ్చి బెల్లు నొక్కితే, లోపలికి ‘ఇక పెరుగు’ అని కబురు వెళుతుంది. నాలుక, గొంతు, దవడ క్యాన్సర్లలో చాలావాటికి ఈ బెల్లులు మితిమీరి ఉంటాయి. వాటిలో ఒకదాన్ని ఈజీఎఫ్ఆర్ అంటారు. ఆ బెల్లులకు రంగు వేయడమే నా ఉద్యోగం. ప్రోటీన్ ఉన్నచోట గోధుమరంగు తేలుతుంది, లేనిచోట నీలం మిగులుతుంది. మా డాక్టర్ గోపాలరావుగారు 1998లో దీని మీద పరిశోధన మొదలుపెట్టారు. ఎవరికి ఎంత రంగు వచ్చింది, వాళ్ళు ఎన్నాళ్ళు బతికారు అని పక్కపక్కన పెట్టి చూస్తే, రంగు ముదిరినవాళ్ళలో ఎక్కువమంది తొందరగా పోయారని తేలింది.

ఇందులో ఒక చిక్కుంది. పొర ఎక్కించిన గాజు పలక మీద రంగు రాలేదంటే ఆ మనిషికి ప్రోటీన్ లేనట్టా, నా మందులు పాడైనట్టా? అది తెలియాలంటే ప్రతి గాజు పలక మీదా రోగి ముక్కకు పక్కనే, కుడి చివరన, రంగు తప్పకుండా వచ్చే ఇంకొకరి ముక్కను కూడా అంటించాలి. దాన్ని కంట్రోల్ అంటారు. అది గోధుమరంగుకు తిరిగితేనే రోగి ముక్క చెప్పేది నమ్మాలి. మేం మా అల్మారాలోంచే ఒకటి ఎంచుకున్నాం. దాని నంబరు 412/97. నాలుకకు ఆపరేషన్ చేయించుకున్న ఎవరో ఒకాయనది. పేరు రిజిస్టర్‌లో ఉంటుంది, మైనం బ్లాకు మీద నంబరే ఉంటుంది.

దాన్ని మొదటిసారి మైక్రోస్కోపులో చూసి గోపాలరావుగారే కుర్చీలోంచి లేచారు. ప్రతి కణం అంచూ తేనెపట్టు గదిలా ముదురు గోధుమరంగులో గీసినట్టుంది. ఇక అప్పటి నుంచి ఏ పలక మీదైనా కుడి చివర ఆయనే. రంగు తేలగానే నేను “వచ్చింది సార్, బ్రహ్మాండంగా వచ్చింది” అని కేకేసేదాన్ని. ఆయన లోపలి గదిలోంచి “శభాష్” అనేవారు.

రోగి బ్లాకులో ఎప్పుడూ కొంత మిగల్చాలి, రేపు అవసరం పడితే అతనిది అతనికి ఉండాలి. ఈ నియమం నాకు తెలియనిది కాదు. పనిలో చేరిన ప్రతివాళ్ళకూ నేనే గొంతు పెంచి మరీ చెప్పేదాన్ని. 412/97 దగ్గర మాత్రం నాకు నోరు లేవలేదు. అంత రంగు వచ్చిన మనిషి రెండేళ్ళు ఉంటే ఎక్కువ అనుకున్నాను. పోయినాయన ఎందుకు అడుగుతాడు? ఈ ఒక్కటీ, ఇంకొక్కటీ అంటూ ఏడేళ్ళు కోశాను.

నాకు ఆయన మీద ఒక రకమైన ప్రేమ కూడా ఉండేది, దాచడమెందుకు. పొద్దున బస్సు ట్యాంక్‌బండ్ ఎక్కగానే నాకు కునుకు పట్టేది. ఆ కునుకులో రోడ్డంతా గాజులా ఉండేది, దాని మీద జనం ఇద్దరిద్దరుగా నిలబడి ఉండేవాళ్ళు. ఎడమవైపు మనిషి మారుతుండేవాడు. కుడివైపు ఎప్పుడూ ఒక్కడే, గోధుమరంగు శాలువా కప్పుకుని, నాకు వీపు పెట్టి. ఆయన ముఖం చూద్దామని ముందుకు నడిచేలోగా బషీర్‌బాగ్ వచ్చేసేది. కండక్టర్ అరుపుకు కళ్ళు తెరిచి, ఆ చికాకంతా ల్యాబ్‌లో ఎవరో ఒకరి మీద చూపించేదాన్ని.

2005 ఆగస్టులో, వాన వెలిసిన ఒక మంగళవారం పొద్దున, పాతికేళ్ళ అమ్మాయి చేతిలో ఆస్పత్రి డాక్టరు రాసిన ఉత్తరంతో వచ్చింది. తన పేరు ఉజ్వల అని చెప్పింది.

“సిస్టర్, మా నాయన బ్లాక్ కావాలె. గీ నంబరు.”

సిస్టర్‌ను కానని చెప్పబోయి, నంబరు చూసి ఆగిపోయాను. 412/97.

“మీ నాన్నగారు... ఉన్నారా?”

“గీడనే ఉన్నడు. మెట్లెక్కిండు గద, జర దమ్ము తీస్కుంటున్నడు.”

అప్పుడు ఆయన గడపలోకి వచ్చారు. పొడుగ్గా, సన్నగా, తెల్ల చొక్కాలో ఉన్నారు. మెడ చుట్టూ కొలతల టేపు ఉంది, దుకాణం నుంచి అలాగే వచ్చేసినట్టున్నారు. ఆ టేపు అంచున ఎడమవైపు నిమ్మకాయంత గడ్డ. పేరు ప్రహ్లాద్, అబిడ్స్‌లో పోస్టాఫీసు వెనక టైలర్ దుకాణంలో కటింగ్ మాస్టర్. నాలుక సగం తీసేయడం వల్ల ఆయన మాటలు నానినట్టు మెత్తగా వచ్చేవి, కాసేపు వింటే అలవాటవుతుంది. ఇక్కడ నేను మామూలుగానే రాస్తున్నాను.

ఆయన నన్ను చూడలేదు. కోసే మిషన్ వైపు చూశారు. “గీ మిషన్ తోనేనా కోసేది? ఎంత సన్నగ పోతది?” అని అడిగారు. చెప్పాను. “మా కత్తెరకు గంత రాదు” అని నవ్వారు. ఏడేళ్ళుగా నా కునుకులో వీపు చూపించిన మనిషి ఎదురుగా నిలబడి నవ్వుతున్నారు.

ఉత్తరంలో విషయం సూటిగా ఉంది. ఎనిమిదేళ్ళ తర్వాత జబ్బు మెడలోకి తిరిగొచ్చింది. గడ్డ పెద్ద రక్తనాళానికి అంటుకుని ఉంది కాబట్టి కోయలేరు. ముక్క తీయడమూ ప్రమాదమే, సూది గుచ్చి చూస్తే నెత్తురు తప్ప ఏమీ రాలేదు. కొత్త మందు ఒకటి పరీక్షల్లో ఉంది. అది ఆ బెల్లు మీద చెయ్యి అడ్డం పెట్టి, ఎవరూ నొక్కకుండా చేస్తుంది. అయితే బెల్లులున్నాయని రుజువు ఉన్నవాళ్ళకే ఇస్తారు. శుక్రవారంతో పేర్లు తీసుకోవడం ఆపేస్తారు. పాత బ్లాకుకు రంగు వేసి రిపోర్టు ఇవ్వమని అడిగారు.

“రేపు సాయంత్రం రండి” అన్నాను.

వాళ్ళు వెళ్ళాక బ్లాకు తీశాను. మైనం మధ్యలో ముక్క ఉండాల్సిన చోట, అద్దం మీద ఊదితే పట్టే ఆవిరి మరకలాంటిది మిగిలింది. ఒక్క పొర వస్తుంది, రెండోది రాదు. మిషన్ చక్రం అంత మెల్లగా నేనెప్పుడూ తిప్పలేదు. పొర వచ్చింది. నీళ్ళ మీద తేలింది, అంచు చిరగలేదు. ఆ రోజు దాన్ని చూస్తూ నేను ఏ లోకంలోకీ వెళ్ళలేదు. ప్రభువా, ఈ ఒక్కటి నిలబెట్టు అనుకుంటూ గాజు పలక మీదికి ఎత్తాను.

రంగు వేసేముందు పలకలను ఒక రకం ఉప్పు నీళ్ళలో ఉంచి ప్రెషర్ కుక్కర్‌లో ఉడికించాలి. లేకపోతే ఏళ్ళ తరబడి బిగుసుకున్న ప్రోటీన్ బయటపడదు. మాది ఇళ్ళల్లో పప్పు వండుకునే కుక్కరే. రెండు విజిల్స్ వచ్చాయి. చల్లారాక మూత తీసి పలకను వెలుగుకు పట్టి చూశాను. శుభ్రంగా ఉంది. కడిగి తుడిచిన కిటికీ అద్దంలా ఉంది. పొర ఊడి నీళ్ళలో కలిసిపోయింది. అప్పుడప్పుడూ అలా జరుగుతుంది, జరిగితే బ్లాకులోంచి ఇంకొకటి కోసుకుంటాం.

స్టూలు మీద కూలబడ్డాను. మొదట భయం వేసింది. సిగ్గు తర్వాత వచ్చింది, వచ్చి పోకుండా కూర్చుంది. బ్రహ్మాండంగా వచ్చిందని నేను ఏడేళ్ళు కేకలు పెట్టింది దేన్ని చూసి? ఆ మనిషి నాలుకను తినేసిన దాన్ని చూసి. ఇప్పుడు మెడ మీదికి వచ్చిందీ అదే. ఆయనకు మిగలాల్సింది కూడా నేనే తినేశాను.

ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. ఎండ నీళ్ళ తొట్టె దాటి పాత పలకల అల్మారా మీదికి పాకింది. అద్దం తలుపు వెనక చెక్క ట్రేలలో పలకలు వరసగా నిలబెట్టి ఉన్నాయి. ఒక ట్రే బయటికి లాగి, ఊరికే, ఏమీ తోచక, ఒక పలకను ఎండకు పట్టాను. ఎడమవైపు ఎవరిదో నీలం ముక్క. కుడి చివర గోధుమరంగు. ఇంకొకటి తీశాను. కుడి చివర గోధుమరంగు. 1999, 2001, 2004. ఎవరి పలక తీసినా పక్కన ఆయనే, చెక్కుచెదరకుండా ఉన్నాడు. అల్మారా నిండా ఆయన ఉన్నాడు.

పలకలు పట్టుకుని సార్ గదిలోకి వెళ్ళి, జరిగింది మొత్తం చెప్పాను. గోపాలరావుగారు అరవలేదు. అరిచినా బావుండేది.

“వేరేవాళ్ళ పలక మీద చూసి ఈయనకు రిపోర్టు రాయమంటావా?” అన్నారు.

“రిజిస్టర్ ఉంది సార్. ఏ రోజు కంట్రోల్ ఏదో రోజూ నంబరు రాశాను.”

ఆయన రిజిస్టర్ తెరిచి, పది పలకలు పక్కకు తీసి, ఒక్కొక్కటే మైక్రోస్కోపు కింద పెట్టారు. మందు పరీక్షల డాక్టరుకు ఫోన్ చేసి చాలాసేపు మాట్లాడారు. ఫోన్ పెట్టేసి నా వైపు చూడకుండానే అన్నారు. “ఒప్పుకున్నారు. మిగతావాళ్ళ పేర్లు కనబడకుండా కాగితం అంటించు. రిపోర్టులో ఉన్నది ఉన్నట్టే రాస్తాను, బ్లాకు ఎందుకు అయిపోయిందో కూడా. ఆయనకు తెలియకుండా పంపను. ఆయన చదివి సంతకం పెట్టాలి. వాడింది నువ్వు, వాడమన్నది నేను. కానీ ఆయన వచ్చింది నీ దగ్గరికి, నువ్వే వెళ్ళి చెప్పు.”

బుధవారం మధ్యాహ్నం, వాళ్ళు రాకముందే, నేనే అబిడ్స్ వెళ్ళాను. నాంపల్లి నుంచి ఎంత దూరం, నడిస్తే పావుగంట. ఆ రోజు మాత్రం రోడ్డు సాగుతూ పోయింది. జనమంతా ఇద్దరిద్దరుగా నడుస్తున్నట్టు కనిపించారు. కోపంతో సంతకం పెట్టనంటే ఆయనకు మందు అందదు, ఆ పాపం కూడా నాదే అవుతుంది. పోస్టాఫీసు దాకా వచ్చి వెనక్కి తిరుగుదామనుకున్నాను.

దుకాణంలో పొడుగాటి బల్ల మీద ముదురు నీలం సూటు గుడ్డ పరిచి ఉంది. ఆయన సుద్దతో గీత గీస్తున్నారు. ఉజ్వల పక్కన కూర్చుని బొత్తాలు కుడుతోంది. నిలబడే చెప్పాను. కూర్చుని చెప్పే ధైర్యం లేకపోయింది. కంట్రోల్ అంటే ఏమిటో, బ్లాకు ఎలా అయిపోయిందో, చివరి పొర ఎలా పోయిందో, ఇక పాత పలకలే దిక్కని, రిపోర్టు మీద ఆయన సంతకం కావాలని చెప్పాను. మీరు పోయారనుకున్నాను అని కూడా చెప్పాను. అది చెప్పకపోతే మిగిలిందంతా అబద్ధమయ్యేది.

ఉజ్వల సూది పక్కన పెట్టింది. “ఎవర్నడిగి వాడిన్రు? మా నాయనది మీకెవరిచ్చిన్రు?”

ఎవరూ ఇవ్వలేదన్నాను.

“శుక్రవారం అయిపోయినంక మందు దొరకకపోతే మీరిస్తరా?”

“ఉజ్వలా, జర ఆగు” అన్నారు ప్రహ్లాద్. గీస్తున్న గీత పూర్తిచేశారు. తర్వాత వంగి బల్ల కిందినుంచి ఒక మూట లాగి విప్పారు. రకరకాల గుడ్డ ముక్కలు, బూడిదరంగువి, చారలవి, గళ్ళవి.

“సూటు కుట్టినంక మిగిలిన గుడ్డ ఎవరిది? కస్టమర్‌దే. మేం ఏం చెప్తం? ఏం మిగల్లేదు సార్ అని చెప్తం. అది ఇంకొకరి జేబులోపటికి పోతది, కాలర్ కిందికి పోతది. ముప్పై ఏండ్ల సంది గిదే పని. అడిగితే ఇచ్చేటోణ్ణి. ఎవ్వరు అడగలె.” మూట కట్టేసి మళ్ళీ కిందికి తోశారు. “అట్లని మీరు చేసింది మంచిదని కాదు.”

“కాదు” అన్నాను.

“నాకు చూపిస్తరా? ఆ రంగు.”

గురువారం పొద్దున తండ్రీ కూతుళ్ళిద్దరూ వచ్చారు. సార్ తన కుర్చీ ఆయనకిచ్చి, పలక సరిచేసి పక్కకు జరిగారు. ప్రహ్లాద్ ఒక కన్ను మూసి చాలాసేపు చూశారు. ఆయన చెయ్యి బల్ల మీద తెలియకుండానే కదులుతోంది, గుడ్డ నేత పట్టి చూసే చెయ్యి అది.

“నేత మంచిగున్నది” అన్నారు. “గిది మంచి రంగా, చెడ్డదా?”

సార్ నా వైపు చూశారు. చెప్పాల్సింది నేనేనని అర్థమైంది. “రెండూనండీ. ఈ రంగు ఇంతగా ఉంది కాబట్టే జబ్బు మొండిది. ఈ రంగు ఉంది కాబట్టే కొత్త మందుకు పట్టు దొరుకుతుంది. పట్టు ఉన్నంత మాత్రాన పనిచేస్తుందని చెప్పలేం.”

“ఔ.” కన్ను తీయలేదు. “గీ పక్కపొంటి నీలంగున్నది ఎవరు?”

“చెప్పకూడదండీ.”

“బతికిన్రా?”

“తెలియదు. మా దగ్గరికి ముక్కలే వస్తాయి. మనుషులు రారు.”

“నేనొచ్చిన గద” అన్నారాయన, నవ్వకుండానే. ఉజ్వల కిటికీ వైపు తిరిగింది. ఆయన రిపోర్టు మొత్తం వేలు పెట్టి చదివి, సుద్ద అంటిన వేళ్ళతోనే సంతకం పెట్టారు. లేచి మెట్ల దగ్గర ఆగి, “ఇంకోపాలి ఎవరిదైనా సరే, అడిగి తీస్కోండ్రి” అన్నారు.

శుక్రవారం పొద్దునే రిపోర్టూ పలకలూ పంపాం. ఆయన పేరు చేర్చుకున్నారు. అక్టోబరు నుంచి ఆయనకు మందు ఎక్కించడం, రేడియేషన్ కరెంటు పెట్టడం మొదలైంది. ముఖమంతా మొటిమల్లాంటి పొక్కులు వచ్చాయని, తిండి సహించడం లేదని ఉజ్వల ఫోన్‌లో చెప్పేది. నేనే చేసేదాన్ని, ఆమె పొడిపొడిగా జవాబిచ్చేది. క్రిస్మస్ దగ్గర పడుతుండగా ఒక రోజు, నేను అడగకముందే, “గడ్డ మెత్తగయింది, చిన్నగయింది” అంది. ఆ రోజు బస్సులో నాకు కునుకు పట్టలేదు. హుస్సేన్‌సాగర్ మీద మంచు లేచిపోవడం మొదటి నుంచి చివరి దాకా చూశాను.

మార్చిలో గడ్డ రక్తనాళాన్ని వదిలి కోయడానికి వీలైనంతగా తగ్గింది. ఆపరేషన్ చేసి తీసిన ముక్క మా ల్యాబ్‌కే వచ్చింది. కొత్త నంబరు 118/06. మందు అంతా చంపలేకపోయింది, మిగిలిన కణాలు ఇంకా ఉన్నాయి. రిపోర్టుకు కావాల్సిన నాలుగు పొరలు కోసి రంగు వేశాను. అదే తేనెపట్టు, అదే ముదురు రంగు. నోటిదాకా వచ్చిన కేకను మింగేశాను.

412/97 అయిపోయినప్పటి నుంచి మా పని కుంటుతోంది. ఏ కంట్రోల్ పెట్టినా రంగు వెలవెలబోయేది, చేసిన పలకే మళ్ళీ చేయాల్సి వచ్చేది. రిపోర్టుల కోసం జనం మెట్ల మీద కూర్చుని ఎదురుచూసేవాళ్ళు. సార్ కొత్త పలక చూసి, “దీనికి మించింది దొరకదు. వెళ్ళి అడిగి రా” అన్నారు.

ఒప్పుకుంటారనే వెళ్ళాను. అనుమతి కాగితం టైపు చేయించి, పెన్ను కూడా తీసుకెళ్ళాను. ఏప్రిల్ ఎండ మండిపోతోంది. ప్రహ్లాద్ మెడకు పట్టీతోనే దుకాణానికి వచ్చేశారు. బల్ల ముందు నిలబడి, ఉజ్వల కోస్తుంటే ఎక్కడ వంపు తిప్పాలో వేలితో చూపిస్తున్నారు. కాగితం బల్ల మీద పెట్టి, కొత్త బ్లాకును కంట్రోల్‌గా వాడుకోవచ్చా అని అడిగాను. సగానికి పైగా మీకే దాచిపెడతాను అన్నాను.

ఆయన కాగితం చదివారు. మడిచి నా చేతికిచ్చారు. “వద్దమ్మా.”

నాకు చిర్రెత్తింది. ఉన్నమాటే చెప్తున్నాను. ఆ ఎండలో నడిచి వచ్చి, ఇంత మర్యాదగా అడిగితే ఇదా జవాబు అనిపించింది. “ఎంతోమందికి పనికొస్తుందండీ” అన్నాను.

“ఔ, తెలుసు.” ఆయన గొంతులో కోపం లేదు, అలసట ఉంది. “ఏడేండ్లు అందరి పక్కపొంటి నిలవడ్డ గద, జయమణమ్మా. ఇంక నేను జర కూసుంట.”

అని నిజంగానే స్టూలు లాక్కుని కూర్చున్నారు. ఉజ్వల కత్తెర ఆపి నా వైపు చూసింది. నాకు ఏడుపొచ్చింది. అడగడమంటే ఇదని, వద్దనిపించుకోవడానికి కూడా సిద్ధపడి వెళ్ళడమని, నలభై మూడేళ్ళకు తెలిసింది.

ల్యాబ్‌కు తిరిగొచ్చి, 118/06 మీద ఎర్ర సిరాతో ‘కోయరాదు’ అని రాసి, కింద ఆయన పేరు రాశాను. నంబరు పక్కన పేరు రాయడం మా దగ్గర ఆనవాయితీ కాదు. బ్లాకును అల్మారాలో పెట్టి తాళం వేశాను. అది ఇప్పటికీ నిండుగానే ఉంది.